పూటకొక పుట

నవల మొదలుపెట్టిన నాలుగు రోజులకే మనలో చాలామందికి కలం ఆగిపోతుంది. కారణం బద్ధకం ఒక్కటే కాదు, లక్ష్యం మరీ పెద్దది కావడం.

ఇంగ్లండు రచయిత ఆంథొనీ ట్రోలోప్ (1815–1882) చిన్నతనంలో పేదరికం వల్ల బడిలో అవమానాలు పడ్డారు. తర్వాత పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే ఎన్నో నవలలు రాశారు, మొత్తం 47. ఉదయం 5.30కే బల్ల దగ్గర కూర్చుని, ఎదుట గడియారం పెట్టుకుని, పావుగంటకు 250 పదాలు రాసేవారు. ఏ రోజు ఎన్ని పుటలో డైరీలో వేసుకునేవారు. వారానికి సగటున 40. రాయని రోజును ఆ డైరీయే వేలెత్తి చూపేది.

మన ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మనమే. రాసుకోవడానికి వేరే గది లేదు. స్టడీ అవర్‌కు ముందు అరగంట, ఒక నోటుబుక్కు ఉన్నాయి. మిత్రులారా, పుస్తకం సంగతి తర్వాత. ఈరోజు ఒక పుట రాద్దాం, లెక్క వేసుకుందాం.