చిన్న వెబ్ అప్లికేషన్‌కు చవకైన హోస్టింగ్

విద్యార్థులారా! మీరు తయారుచేసిన వెబ్ అప్లికేషన్ అందరికీ అందాలంటే, అది ఎల్లవేళలా పనిచేసే సర్వర్‌లో ఉండాలి. ఆ సర్వర్‌లో చోటు కల్పించే సేవే హోస్టింగ్.

మీ అప్లికేషన్‌కు సర్వర్‌లో ప్రోగ్రామ్ నడవాలా అన్నది ముందుగా తేల్చుకోండి. కేవలం హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లే అయితే గిట్‌హబ్ పేజెస్ వంటి ఉచిత సేవ చాలు. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ అవసరమైతే షేర్డ్ హోస్టింగ్ తీసుకోవచ్చు. ఒకే సర్వర్‌ను అనేకమంది పంచుకుంటారు కనుక అది చవక. సర్వర్‌పై పూర్తి అధికారం కావాలంటే వీపీఎస్ ఉంది. అయితే దాని భద్రత, అప్‌డేట్ల బాధ్యత సాధారణంగా మీదే.

మొదటి ఏడాది ధరతోపాటు రెన్యువల్ ధర కూడా చూడండి. ఉచిత సేవ శాశ్వతమని నమ్మకండి. హెరోకూ సంస్థ 2022 నవంబరు 28 నుంచి తన ఉచిత ప్లాన్లను, ఉచిత డేటాబేస్‌లతో సహా, నిలిపివేసింది. కనుక సేవ ఏదైనా సరే, కోడ్, డేటాబేస్‌ల కాపీ ఎప్పుడూ మీ దగ్గర ఉండాలి.