నిఖా క్యాసెట్‌ను బయట ఇవ్వకుండా ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు

మా నానీ బీరువా పై అరలో, పాత చాదర్ కింద ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ ఉండేది. 1994లో జరిగిన అమ్మీ, అబ్బాల నిఖాది. నానా నవ్వుతూ మాట్లాడేది మాకు మిగిలింది అందులో ఒక్కచోటే. స్టూడియోకి ఇచ్చి డీవీడీ చేయిద్దామంటే నానీ ససేమిరా అంది. "ఆడోళ్ల వైపు తీసిందంతా అందులోనే ఉంది బేటా, బయటోళ్ల చేతికి ఎట్ల ఇస్తం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చాలా ఇళ్లల్లో క్యాసెట్లు ఇంకా బీరువాలోనే ఉండిపోవడానికి కారణం ఇదే.

కానీ ఎన్నాళ్లు ఉంచుతాం? టేపు మీద పూత ఏటేటా బలహీనపడుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. పైగా వీసీఆర్లు కొత్తవి రావడం లేదు. చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. అప్పట్లో గల్ఫ్ నుంచి మామూలు, చాచాలు మోసుకొచ్చిన వీసీఆర్ మీ ఇంట్లో ఇంకా తిరుగుతుంటే అది పాడయ్యేలోపే పని చేసుకోవాలి. నేను చదివింది బీకాం. వైర్ల గురించి నాకూ ఏమీ తెలియదు. అయినా అయింది.

మెషిన్ ముట్టుకునే ముందు క్యాసెట్ వీపు వైపు చూడండి. ఎడమ చివర చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఉంటే దాని మీద మళ్లీ రికార్డ్ చేయొచ్చని అర్థం. పొరపాటున ఎవరి వేలైనా రికార్డ్ బటన్ మీద పడితే నిఖా పోయి నల్ల తెర మిగులుతుంది. స్క్రూడ్రైవర్‌తో ఆ ముక్క విరిచేయండి. ఎవరైనా అక్కడ స్టిక్కర్ అంటించి ఉంటే అదీ పీకేయండి. తర్వాత కిటికీలోంచి టేపు చూడండి. అంచున తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. ఆ క్యాసెట్ వేస్తే బూజు మెషిన్ హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత వేసే క్యాసెట్లూ పాడవుతాయి. దాన్ని పక్కన పెట్టేయండి, అది శుభ్రం చేయడం తెలిసినవాళ్ల పని.

ఇక వైర్లు. వీసీఆర్ వెనుక గుండ్రటి రంధ్రాలు రెండు వరసలు ఉంటాయి. పసుపు బొమ్మకి, తెలుపు ఎడమ వైపు శబ్దానికి, ఎరుపు కుడి వైపు శబ్దానికి. ఒక వరస మీద ఇన్ అని, ఇంకో వరస మీద ఔట్ అని రాసి ఉంటుంది. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: బొమ్మ ఎక్కడి నుంచి బయల్దేరుతుందో అక్కడ ఔట్, ఎక్కడికి చేరుతుందో అక్కడ ఇన్. నేను మొదటి రోజు వైరు వీసీఆర్ ఇన్‌లో పెట్టి, ఇషా దాకా నల్ల తెర చూస్తూ కూర్చున్నా. మెషిన్ చచ్చిపోయిందని అమ్మీకి చెప్పేశా కూడా.

పాత వీసీఆర్లలో చాలావాటికి శబ్దం రంధ్రం ఒక్కటే ఉంటుంది. అప్పుడు తెల్ల వైరు ఒక్కటే పెట్టి ఎర్రది వదిలేయండి.

ముందు టీవీకి పెట్టి బొమ్మ వస్తుందో లేదో చూసుకోవడం మంచిది. కొత్త టీవీల్లో మూడు రంగుల రంధ్రాలు లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. కొనేటప్పుడు జాగ్రత్త. అదే సైజులో, అదే రంగులో హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది కూడా అమ్ముతారు. అది తెస్తే మీకు పనికిరాదు. డబ్బా మీద మూడు రంగుల రంధ్రాల దగ్గర ఇన్ అని ఉందో లేదో చూసి తీసుకోండి. పెట్టాక టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి హెచ్‌డీఎంఐ ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

కంప్యూటర్‌కి యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ కావాలి. పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, ఒక చివర మూడు రంగుల రంధ్రాలు. వీసీఆర్ ఔట్ నుంచి వైర్లు దీనికి, ఇది ల్యాప్‌టాప్‌కి. రికార్డ్ చేయడానికి ఓబీఎస్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది. అందులో వీడియో క్యాప్చర్ డివైస్ అని కలుపుకుని, దాని సెట్టింగుల్లో పాల్ ఎంచుకోండి. మన దేశంలో తీసిన క్యాసెట్లు పాల్‌లోనే ఉంటాయి. అమెరికా నుంచి చుట్టాలు పంపినవైతే ఎన్టీఎస్సీ. అవి మామూలు వీసీఆర్‌లో రంగు లేకుండానో, తెర కిందికీ పైకీ దొర్లుతూనో కనిపిస్తాయి, కంగారు పడకండి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో ఇన్‌పుట్ క్యాప్చర్ అని ఇంకోటి కలిపి, దాంట్లో యూఎస్‌బీ డివైస్‌ని ఎంచుకోవాలి. ఒక చెవిలోనే వినిపిస్తుంటే అడ్వాన్స్‌డ్ ఆడియోలో మోనో మీద టిక్ పెట్టండి. మనుషులు అడ్డంగా సాగి లావుగా కనిపిస్తే బొమ్మ కొలత 4:3కి మార్చండి.

ఇందులో తొందర కుదరదు. క్యాసెట్ మీద ఈ-180 అని ఉందంటే మామూలు స్పీడులో మూడు గంటల టేపు. అది నిండా ఉంటే ఎక్కడానికీ మూడు గంటలే. బిట్‌రేట్ 6000 పెడితే గంటకి సుమారు 2.7 జీబీ అవుతుంది, ముందే ఖాళీ చూసుకోండి. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చండి, మాది గంట గడిచాక ఒకసారి ఆగిపోయింది.

అయ్యాక అసలు ఫైలును వాట్సాప్ గ్రూపులో వీడియోగా వేయకండి. అక్కడ బొమ్మ నాణ్యత పడిపోతుంది, పైగా ఎవరి ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియదు. మేము ఆడవాళ్ల వైపు భాగాన్ని వేరే ఫైలుగా కోసి నానీకి, ఖాలాలకి తలా ఒక పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం. మగవాళ్ల వైపుది అందరికీ పంచాం. క్యాసెట్ పారేయలేదు. నిలబెట్టి, ఎండ తగలని చోట, మళ్లీ అదే చాదర్ కింద పెట్టింది నానీ.