మట్టిలోని మొండిఘటాలు

పొలంలో పిడికెడు మట్టి తీస్తే అందులో బాసిల్లస్ బ్యాక్టీరియా ఉండి తీరుతుంది. చూడ్డానికి సన్నటి కడ్డీ, పొడవు మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతులే. తిండి కరవైతే తన లోపలే గట్టి పొరల సిద్ధబీజం ఒకటి తయారు చేసుకుని అందులో నిద్రపోతుంది. తడి, తిండి దొరికితే మళ్లీ లేస్తుంది. దీని ఘనతలు చాలావరకు ఆ బీజం చలవే.

మరిగించినా చావదు: ఈ ప్రజాతికి 1872లో శాస్త్రీయ రూపం ఇచ్చిన ఫెర్డినాండ్ కోన్, ఎండుగడ్డి నానిన నీటిని మరిగించినా ఈ బీజాలు బతుకుతాయని 1876లో చూపించాడు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ పెరిగి వాంతులు తెప్పించేది ఇందుకే. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

తొలి రుజువు: ఫలానా రోగానికి ఫలానా బ్యాక్టీరియాయే కారణమని మొదటిసారి నిరూపణ అయింది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) విషయంలోనే. ఆ రోగం తెచ్చేదీ ఒక బాసిల్లస్సే. 1876లో రాబర్ట్ కాక్ ఆ నిరూపణ చేశాడు.

48 ఏళ్ల నిషేధం: 1942లో బ్రిటన్ సైన్యం స్కాట్లాండ్‌లోని గ్రినార్డ్ దీవిలో ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. అక్కడ కట్టేసిన గొర్రెలు రోజుల్లోనే చచ్చాయి. బీజాలు మాత్రం మట్టిలో మిగిలిపోవడంతో దీవిలోకి రాకపోకలు నిషేధించారు. 1986లో సముద్రపు నీటిలో ఫార్మాల్డిహైడ్ కలిపి నేలంతా తడిపారు. దీవి సురక్షితమని 1990లో గానీ ప్రకటించలేకపోయారు.

అంతరిక్షంలో ఆరేళ్లు: 1984లో నాసా ఉపగ్రహంలో వెళ్లిన బాసిల్లస్ సబ్టిలిస్ బీజాలు 1990లో తిరిగొచ్చాయి. అతినీలలోహిత కిరణాలు తగలని చోట ఉన్నవాటిలో చాలా భాగం బతికే ఉన్నాయి.

అతి పెద్ద నిద్ర: కనీసం 2.5 కోట్ల ఏళ్ల నాటి గట్టిపడిన చెట్టు జిగురు, అంటే ఆంబర్‌లో చిక్కిన తేనెటీగ కడుపులోంచి 1995లో, 25 కోట్ల ఏళ్ల ఉప్పు స్ఫటికంలోంచి 2000లో ఇలాంటి బ్యాక్టీరియాను మేల్కొలిపామని అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అవి తర్వాత చొరబడినవేమోనన్న వాదన ఇంకా తేలలేదు.

2514 దాకా పరీక్ష: బీజం ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చడానికి 2014లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 500 ఏళ్ల ప్రయోగం మొదలుపెట్టారు. గాజు గొట్టాల్లో మూసిన సబ్టిలిస్ బీజాలను తరతరాల శాస్త్రవేత్తలు తెరిచి చూస్తారు.

పురుగుకు విషం, పళ్లెంలో రుచి: 1901లో జపాన్‌లో పట్టుపురుగులను చంపుతూ దొరికిన బ్యాక్టీరియాయే బాసిల్లస్ థురింజియెన్సిస్, అంటే మన రైతులకు తెలిసిన బీటీ. దాని జన్యువుతో తయారైన పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగును అది బాగా అదుపు చేసింది గానీ గులాబీ పురుగు దానికి అలవాటు పడిపోయింది. జపాన్ వాళ్లు ఇష్టంగా తినే నాటో, సోయా గింజలను సబ్టిలిస్‌తో పులియబెట్టిన వంటకమే.

ఇంత మొండి బీజంతో జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. గొర్రె గానీ పశువు గానీ హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే అది దొమ్మ కావచ్చు; కోయకండి, తోలు ఒలవకండి. గాలి తగిలితేనే ఆ బ్యాక్టీరియా బీజాలుగా మారి మట్టిలో చేరుతుంది. వెంటనే పశువైద్యుడికి కబురు చేయండి. దొమ్మ వచ్చిన ఊళ్లలో మందకు ఏటా టీకా వేయించండి.