కాలినా తెలియని కాలు

యాసంగి కోతలు అయిపోయాయి. మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. కల్లంలో వడ్లు ఆరబోశారు. మధ్యాహ్నం ఎండకు సిమెంటు కల్లం పెనంలా కాలుతోంది. ఒక పెద్దమ్మ చెప్పులు లేకుండా వడ్లలో నడుస్తోంది. కాళ్లతో చాళ్లు తీస్తూ వడ్లను తిరగేస్తోంది.

కోడలు రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. "అబ్బో, కాళ్లు కాలుతున్నయ్ అత్తా!" అన్నది.

"నాకేం కాలుతలేదు" అన్నది పెద్దమ్మ.

సాయంత్రం ఇంటికొచ్చింది. మనవరాలు కాళ్లు చూసింది. అరికాళ్ల నిండా బొబ్బలు!

"ఇంతగనం కాలింది. నొప్పి లేదా అవ్వా?"

"లేదు బిడ్డా. నాకు తెల్వనే లేదు."

పెద్దమ్మ ధైర్యం గలది కాబట్టి నొప్పి తెలియలేదా? కాదు. ఆమె పాదాలకు సోయి తగ్గింది. ఆమెకు పదేళ్ల నుంచి షుగర్ ఉంది. రెండేళ్ల నుంచి అరికాళ్లలో తిమ్మిర్లు. రాత్రిపూట చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత తిమ్మిర్లు తగ్గాయి. "నయమైంది" అనుకున్నది. నిజానికి నయం కాలేదు. నరాలు మొద్దుబారాయి.

నొప్పి ఒక కాపలాదారు

నొప్పిని మనం శత్రువు అనుకుంటాం. కాని నొప్పి మన ఒంటికి కాపలాదారు. ముల్లు గుచ్చుకుంటే నొప్పి చెబుతుంది. వెంటనే కాలు తీస్తాం. చెప్పు కరిస్తే నొప్పి చెబుతుంది. చెప్పు మారుస్తాం. కాపలాదారు నిద్రపోతే ఏమవుతుంది? ముల్లు లోపలే ఉంటుంది. పుండు పడుతుంది. చీము పడుతుంది. చివరికి వేలో, పాదమో తీసేయాల్సి వస్తుంది.

ఈ సంగతిని మన దేశంలోనే ఒక డాక్టరు బాగా వివరించారు. ఆయన పేరు పాల్ బ్రాండ్. 1946లో ఆయన తమిళనాడులోని వెల్లూరు ఆసుపత్రికి వచ్చారు. కుష్ఠు రోగులకు వైద్యం చేశారు. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో జనం అనుకునేవారు. అది తప్పని ఆయన చూపారు. కుష్ఠు నరాలను చంపుతుంది. నొప్పి తెలియదు. కాలినా, కోసుకున్నా రోగి పట్టించుకోడు. ఆ గాయాలే వేళ్లను తినేస్తాయి. అందుకే సోయి లేని కాళ్లకు మెత్తని రబ్బరు చెప్పులు తయారు చేయించారు. కుష్ఠు వల్ల సోయి తగ్గినవారికి అలాంటి ఎం.సి.ఆర్. చెప్పులను ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

షుగర్ ఉన్నవారి పాదాలకు కూడా ఇదే పాఠం.

సోయి ఎందుకు తగ్గుతుంది?

ఎక్కువమందికి షుగర్ వల్ల తగ్గుతుంది. 2023లో ఐ.సి.ఎం.ఆర్. సర్వే ఫలితాలు వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు పాడవుతాయి. పాదాలకు వెళ్లే నరాలు అన్నిటికంటే పొడవైనవి. అందుకే ముందు కాలి వేళ్లు మొద్దుబారతాయి. తర్వాత పాదం, ఆ తర్వాత పిక్క.

వేరే కారణాలూ ఉన్నాయి. రోజూ సారా, మందు తాగడం ఒకటి. బి-12 విటమిన్ తగ్గడం ఒకటి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చాలా ఏళ్లు వాడితే కొందరికి బి-12 తగ్గుతుంది. అలాగని మాత్ర మానొద్దు. డాక్టరును అడిగి పరీక్ష చేయించుకోవాలి. కొన్ని రకాల పురుగు మందులు ఒంట్లోకి పోయినా, రెండు మూడు వారాల తర్వాత కాళ్లు బలహీనపడతాయి. చర్మం మీద సోయి లేని తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే కుష్ఠు కావచ్చు. దానికి మందులు ఉచితం. పూర్తిగా వాడితే నయమవుతుంది.

మన నల్లగొండ ప్రాంతంలో ఇంకొకటి కూడా ఆలోచించాలి. ఫ్లోరైడ్ నీళ్లు చాలా ఏళ్లు తాగినవారికి వెన్నెముక గట్టిపడుతుంది. లోపలి నరం నొక్కుకుపోతుంది. అప్పుడూ కాళ్లు బలం కోల్పోతాయి. దానికి వైద్యం వేరు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాతే వ్యాయామం.

తూలడం ఎందుకు?

పెద్దమ్మకు ఇంకో బాధ ఉంది. ముఖం కడుక్కునేటప్పుడు కళ్లు మూస్తే తూలుతుంది. చీకట్లో నడవలేదు. పొలం గట్టు మీద నడవాలంటే భయం. రెండుసార్లు పడింది. "వయసు మీద పడ్డది. కండ్లు తిరుగుతున్నయ్" అనుకున్నది.

కాని సంగతి అది కాదు.

మూడు రాళ్ల పొయ్యి తెలుసు కదా? మూడు రాళ్లూ సరిగా ఉంటేనే కుండ నిలుస్తుంది. మన ఒళ్లు నిలబడటానికీ మూడు ఆధారాలు కావాలి. మొదటిది కళ్లు. రెండోది చెవి లోపలి భాగం. అది తల ఎటు వంగిందో చెబుతుంది. మూడోది పాదాలు, కాళ్ల కీళ్లు. నేల ఎత్తుగా ఉందా, పల్లంగా ఉందా అవి చెబుతాయి.

పెద్దమ్మకు మూడో రాయి కుంగింది. పాదాలు నేల సంగతి చెప్పడం లేదు. పగలు కళ్లతో సర్దుకుంటోంది. కళ్లు మూస్తే, చీకటి పడితే మొదటి రాయి కూడా పోయినట్టే. ఒక్క రాయి మీద కుండ నిలుస్తుందా?

వ్యాయామం ఏం చేస్తుంది?

డాక్టరు ఆమెను ఫిజియోథెరపీకి పంపారు. అంటే వ్యాయామంతో, నడక శిక్షణతో చేసే వైద్యం. అక్కడి అమ్మాయి వ్యాయామం చేయాలని చెప్పింది. పెద్దమ్మ నవ్వింది.

"నలభై ఏండ్ల సంది నాట్లు వేసిన, కలుపు తీసిన. ఇంక నాకు వ్యాయామం ఎందుకు బిడ్డా?"

"పెద్దమ్మా, పని వేరు, ఇది వేరు. పనిలో ధ్యాసంతా పని మీదే ఉంటది. ఇక్కడ ధ్యాస కాలు మీద పెట్టాలె. చిన్నపిల్ల నడక ఎట్ల నేర్చుకుంటది? గోడ పట్టుకొని, కొంచెం కొంచెంగా. నీ కాలు కూడా మళ్లీ అట్లనే నేర్చుకోవాలె."

"మరి సోయి మళ్లొస్తదా?"

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. "పూర్తిగా వస్తదని చెప్పలేను. కాని కండ బలపడుతది. మడమ గట్టిపడుతది. పాదంలో మిగిలిన సోయిని వాడుకోవడం ఒంటికి తెలుస్తది. పడిపోవడం తగ్గుతది. షుగర్ అదుపులో ఉంటే రోగం ముదరడం నెమ్మదిస్తది."

తర్వాత ఆమె కొన్ని పరీక్షలు చేసింది. సన్నని నైలాన్ దారంతో అరికాలును అక్కడక్కడ నొక్కింది. తెలిసిందా అని అడిగింది. మోగే ఇనుప కడ్డీని కాలి బొటనవేలి ఎముక మీద పెట్టింది. అదురు తెలుస్తుందా అని చూసింది. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమంది. గడియారం చూసింది. దీనికి 12 సెకండ్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఎక్కువ. పెద్దమ్మకు 19 సెకండ్లు పట్టింది.

ఇంట్లో చేసే వ్యాయామాలు

ముందు నాలుగు జాగ్రత్తలు. పక్కన ఒక మనిషి ఉండాలి. ముందు గోడ, వెనక బరువైన కుర్చీ ఉండాలి. నేల పొడిగా ఉండాలి. కాళ్లకు మూసి ఉండే చెప్పులో, బూట్లో ఉండాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో చేయొద్దు. దగ్గర బెల్లం ముక్క పెట్టుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికితే ఆపి, బెల్లం తినాలి.

కూర్చొని చేసేవి:

1. పాదాన్ని పైకి, కిందికి ఆడించాలి. గుండ్రంగా తిప్పాలి. ఒక్కో కాలితో 10 సార్లు.

2. నేల మీద తువ్వాలు పరవాలి. కాలి వేళ్లతో దాన్ని దగ్గరికి లాక్కోవాలి. 10 సార్లు.

3. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. మెల్లగా కూర్చోవాలి. మొదట 5 సార్లు. తర్వాత 10 సార్లు. లేవలేకపోతే చేతులు ఆనించి మొదలుపెట్టవచ్చు.

నిలబడి చేసేవి:

4. గోడ పట్టుకొని మడమలు లేపాలి. మునివేళ్ల మీద నిలబడాలి. మెల్లగా దిగాలి. 10 సార్లు. తర్వాత మడమల మీద నిలబడి వేళ్లు పైకి లేపాలి.

5. రెండు చేతులూ గోడకు ఆనించాలి. ఒక కాలు వెనక్కి పెట్టాలి. ఆ మడమ నేలకు తగిలే ఉండాలి. పిక్క సాగుతుంది. 30 లెక్కపెట్టి కాలు మార్చాలి.

6. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడాలి. ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్లు తగలాలి. 10 లెక్కపెట్టాలి. అలవాటైతే 30 దాకా పోవాలి.

7. ఒంటి కాలి మీద నిలబడాలి. 10 లెక్కపెట్టాలి. కాలు మార్చాలి.

8. గోడ పక్కనే గీత మీద నడిచినట్టు నడవాలి. మడమకు వేళ్లు తగిలేలా 10 అడుగులు.

మొదట రెండు చేతులతో గోడ పట్టుకోండి. తర్వాత ఒక చెయ్యి. తర్వాత రెండు వేళ్లు. వారాల మీద మెల్లగా తగ్గించాలి. తొందరపడొద్దు. కళ్లు మూసుకొని చేసేవి ఫిజియోథెరపిస్టు దగ్గరే చేయాలి. ఇంట్లో వద్దు.

పెద్దవయసు వారు వారానికి కనీసం 3 రోజులు నిలకడ పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక నెల చేసి మానేస్తే లాభం నిలవదు. పంటకు నీళ్లు ఆపితే ఏమవుతుందో ఇదీ అంతే.

పాదం వేలాడుతూ, నడిచేటప్పుడు వేళ్లు నేలకు తగులుతుంటే ప్లాస్టిక్ పట్టీ ఇస్తారు. చేతికర్ర వాడేవారు బలం తగ్గిన కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. కర్ర పిడి మణికట్టు ఎత్తులో ఉండాలి. కర్ర పట్టడం నామోషీ కాదు. పడి తుంటి విరగ్గొట్టుకోవడం కంటే కర్ర మేలు.

ఇవి చేయొద్దు

అరికాలిలో పుండు ఉంటే నిలబడి చేసే వ్యాయామాలు, ఎక్కువ నడక వద్దు. పుండు మీద బరువు పడితే మానదు. ముందు డాక్టరు దగ్గరికి పోవాలి.

తిమ్మిరి పోతుందని వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు. ఇటుక కాపడం, ఇసుక కాపడం వద్దు. చలికాలం కుంపటి పక్కన కాళ్లు చాపొద్దు. స్నానం నీళ్లను కాలితో చూడొద్దు. మోచేతితో చూడాలి.

ఆనెలను బ్లేడుతో కోయొద్దు. జిల్లేడు పాలు, సున్నం పెట్టొద్దు.

రోజూ ఐదు నిమిషాలు

రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోండి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టి చూడండి. లేదా పిల్లలను చూడమనండి. వేళ్ల సందులు చూడండి. బొబ్బ, పగులు, ఎరుపు, వాపు ఉన్నాయా? ఒక పాదం వేడిగా ఉందా? ఉంటే తెల్లారే ఆసుపత్రికి పోవాలి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. నొప్పి లేకపోవడమే ప్రమాదం.

పాదాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలి. చెప్పులు వేసుకునే ముందు దులపాలి. లోపల చెయ్యి పెట్టి చూడాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులే వాడాలి. ఇంట్లో కూడా వేసుకోవాలి. నాట్లప్పుడు బురదలో చెప్పులు కుదరవు. అందుకే గట్టెక్కగానే కాళ్లు కడిగి చూసుకోవాలి. ఎండాకాలం గుడి దగ్గర ఉత్త కాళ్లతో బండల మీద నడవొద్దు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వాలి.

ఎక్కడికి పోవాలి?

30 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో షుగర్, బి.పి. పరీక్షలు ఉచితం. ఆశ కార్యకర్తను అడగండి. మిర్యాలగూడలో ఏరియా ఆసుపత్రి ఉంది. నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు రక్త పరీక్షతో సరిపెట్టుకోవద్దు. "నా పాదాలు కూడా చూడండి" అని అడగండి. "ఫిజియోథెరపీ అవసరమా?" అని అడగండి. అడగడం మీ హక్కు.

మూడు నెలల తర్వాత

పెద్దమ్మ బొబ్బలు మానాయి. అప్పుడు నిలబడి వ్యాయామాలు మొదలుపెట్టింది. మనవరాలు పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టేది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేశారు. కుర్చీలోంచి లేచి, నడిచి, వచ్చి కూర్చోవడానికి 13 సెకండ్లు పట్టింది. సోయి మాత్రం పెద్దగా రాలేదు. కాని ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా పడలేదు.

వానాకాలం వడ్లు వచ్చాయి. పెద్దమ్మ చెప్పులేసుకొని, కొయ్య పట్టుకొని కల్లంలోకి దిగింది.

"అత్తా, కాళ్లతోనే తిరగేస్తుంటివి కదా?" అన్నది కోడలు.

"నా కాలు నాకు ఏం చెప్తలేదు బిడ్డా. అందుకే రోజూ నేనే దాన్ని అడుగుతున్న" అన్నది పెద్దమ్మ.

ఆలోచించండి, మాట్లాడండి

1. తిమ్మిర్లు తగ్గితే పెద్దమ్మ నయమైందనుకున్నది. అది ఎందుకు తప్పు?
2. మన ఒళ్లు నిలబడటానికి ఉన్న మూడు ఆధారాలు ఏవి?
3. మీ ఇంట్లో షుగర్ ఉన్నవారు ఎవరు? వారి అరికాళ్లు మీరు ఎప్పుడైనా చూశారా? ఈ రాత్రే చూడండి.