ధనం బోడు... ఓ మేస్త్రి కుటుంబం!

ఆ గుట్ట పేరే ధనం బోడు. వినగానే పిల్లలకు లంకెబిందెలు గుర్తొస్తాయి. పెద్దలకూ అదే గుర్తొస్తుంది, కాకపోతే పైకి అనరు! జగ్గయ్యపేట పక్కనే ఉన్న ఈ చోటికి నందిగామ విద్యార్థులు పెద్ద ఖర్చేమీ లేకుండా వెళ్లి రావొచ్చు. హైదరాబాద్ రహదారి మీద పడమరకు సుమారు 30 కిలోమీటర్లు. చిల్లకల్లు దగ్గర మలుపు తిరిగితే ఊరొచ్చేస్తుంది. చిక్కల్లా అక్కడికెళ్లాక ఏం చూడాలన్నదే.

ఎందుకంటే కంటికి కనిపించేవి ఇటుకలు, కొన్ని సున్నపురాతి పలకలు. 'ఓస్ ఇంతేనా' అనుకుని వెనక్కి తిరిగే వాళ్లే ఎక్కువ. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వకాలు జరిపేనాటికే బౌద్ధ స్తూపం చాలామటుకు శిథిలమైపోయింది. దొరికిన వాటిలో పేరున్న శిల్పం 'చక్రవర్తి'. చెయ్యెత్తి నిలబడ్డ రాజు, చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం... పైన మబ్బుల్లోంచి నాణేల వాన! ఆ రాజును మాంధాతగా గుర్తించారు పండితులు. 'మాంధాతల కాలం నాటిది' అంటుంటాం కదా, ఆ మాంధాతే. సుమారు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు పనితనం. ధనం బోడులో నిజంగానే ధనం కురిసిందన్నమాట, రాతి మీద! చరిత్ర పుస్తకాల్లో బొమ్మగా చూసే ఆ పలక ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

అయితే అంతకంటే దగ్గరగా అనిపించేది ఇక్కడి శాసనం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం, వర్షాకాలం, ఎనిమిదో పక్షం, పదో రోజు. అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దం. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. వేయించింది రాజు కాదు, సేనాని కాదు. సిద్ధార్థుడనే పనివాడు. తండ్రి నాగచంద్రుడిదీ అదే వృత్తి, సొంతూరు కమ్మకరాష్ట్రంలోని నడతూరు. వేలగిరిలోని మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. బుద్ధుడి జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణాలకు అవి గుర్తులంటారు.

దానం తన ఒక్కడి పేరునే రాయించుకోలేదాయన. తల్లి నాగిలానిని ముందు పెట్టుకుని, భార్య సముదాని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక, తమ్ముడు బుధినాగుడు, మరదలు కనిక, వాళ్ల పిల్లలు... అందరినీ వరుసగా చెక్కించాడు. మన పెళ్లి శుభలేఖ మీది పేర్లలాగే! దానం మాత్రం సకల ప్రాణుల మేలు కోసం. ఆడపిల్లల పేర్లూ వదల్లేదు. ఆ రాజు పేరు చదవడానికి నాలుక తిరగదుగానీ, ఈ పేర్లు చదువుతుంటే ఇల్లు కనబడుతుంది.

ఊరి పేరు మాత్రం చాలా తర్వాతది. బేతవోలును వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేట చేశాడు. 

పిల్లల్ని తీసుకెళ్లే మాస్టార్లు శాసనం తెలుగు అర్థాన్ని ఓ కాగితం మీద రాసుకెళ్లి, ఆ ఇటుకల దగ్గర గట్టిగా చదివించడం మంచిది. బయల్దేరడం ఎండెక్కకముందే. మంచినీళ్లు వెంట ఉండాలి.