పొయ్యి వెలిగించకుండా ఎన్నాళ్లు?



"వండిన తిండి మానేసి అన్నీ పచ్చివే తిన్నానండీ. ఇరవై రోజులు బాగానే ఉన్నాను. తర్వాత ఆగలేక అన్నం తినేశాను. మళ్లీ మొదలుపెట్టమంటారా?" అని మా ఓపీలో అడిగేవారు ఉన్నారు. అడిగేటప్పుడు ఏదో తప్పు చేసినట్టు తల దించుకుంటారు. ఆ ఇరవై రోజులూ షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు కూడా మానేసిన సంగతి మాత్రం కొందరు గుచ్చి గుచ్చి అడిగితేగాని చెప్పరు. తల దించుకోవలసిన పని లేదనీ, మాత్రలు మానడం మాత్రం ప్రమాదమనీ చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

పూర్తి పచ్చి శాకాహారం అంటే నిప్పు తగలని ఆహారం. పండ్లు, పచ్చి కూరగాయలు, ఆకులు, మొలకలు, కొబ్బరి, పల్లీలు, నువ్వులు, బాదం వంటివి మాత్రమే తింటారు. అన్నం, రొట్టె, పప్పు ఉండవు. మాంసం, చేప, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేస్తారు. చాలామంది ఉప్పు, నూనె కూడా వాడరు. సలాడ్ ఎక్కువ తినడం వేరు, ఇది వేరు. భోజనానికి ముందు ఒక గిన్నెడు కీరదోస, క్యారెట్ ముక్కలు తినమని మేమూ చెబుతాం.

ఈ ప్రయత్నం మన తెలుగువారికి కొత్తది కాదు. 1929లో గాంధీగారు ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు రాజమండ్రిలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావుగారు ఆయనను కలిశారు. నిప్పుతో వండటమే రోగాలకు మూలమనీ, మొలకెత్తిన గింజలు, పచ్చి ఆకులు తింటే చాలనీ ఆయన నమ్మకం. మెల్లమెల్లగా మారవలసిన పనికూడా లేదని ఆయన ధైర్యం చెప్పారు. గాంధీగారు ఆ మే నెలలోనే, ఇంకా ఆంధ్రలో ఉండగానే, మొదలుపెట్టారు. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదం, దంచిన ఆకుకూర, నిమ్మరసం, తేనె ఆయన ఆహారం. (తేనె ఉంది కాబట్టి నేటి లెక్కలో అది పూర్తి శాకాహారం కాదనేవారూ ఉంటారు.) ఆశ్రమంలో మరికొందరు ఆయనతో కలిశారు. తన అనుభవాన్ని ఎప్పటికప్పుడు 'యంగ్ ఇండియా' పత్రికలో రాశారు. బరువు తగ్గింది. ఆగస్టు వచ్చేసరికి జిగట విరేచనాలు పట్టుకుని ప్రయోగం ఆపవలసి వచ్చింది. తిరిగి మేకపాలకు వచ్చారు.

ఆయనకు అది మొదటిసారి కూడా కాదు. 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో యువ న్యాయవాదిగా ఉన్నప్పుడు ఇటువంటి ప్రయత్నమే చేసి, రెండు వారాలైనా నిండకుండా విరమించారు. ఆకలి, నీరసం, పళ్ల నొప్పి వచ్చాయని దాచకుండా రాసుకున్నారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం గురించి రాసినప్పుడు, మాంసం తినని మనిషికి పాలు, పాల పదార్థాలు అవసరమని తన అనుభవంగా చెప్పారు. పాలు మానాలని ఏళ్ల తరబడి కష్టపడిన మనిషి చెప్పిన మాట అది. రోజుల తరబడి ఉపవాసం ఉండగలిగినవాడు మూడు నెలలకు ఆపేశారంటే, ఇరవై రోజులకు ఆగిపోయిన మనవారిలో మనోబలం తక్కువని ఎలా అనగలం?

మరి అడ్డం వచ్చేది ఏమిటి? మొదటిది ఆకలి. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాక దగ్గరే ఉంది. ఒక పెద్దమనిషికి రోజుకు సుమారు 2000 కేలరీలు అనుకుని వారు నమూనా పళ్లెం రూపొందించారు. వంద గ్రాముల అన్నంలో దాదాపు 130 కేలరీలు ఉంటాయి. వంద గ్రాముల బొప్పాయిలో 40 మించవు, కీరదోసలో 15 దాకా ఉంటాయి. అంటే ఒక్క బొప్పాయితోనే రోజు గడపాలంటే అయిదు కిలోలు తినాలి! అరటిపండ్లయితే ఇరవై కావాలి. కడుపు నిండినట్టే ఉంటుంది, రెండు గంటలకు మళ్లీ ఆకలి. ఆ లోటు పల్లీలతో, కొబ్బరితో పూడ్చవచ్చు గాని రోజూ అంత పచ్చి కొబ్బరి, పచ్చి పల్లీలు ఎవరు నమలగలరు? రాత్రి పక్కింట్లో పప్పుకు పోపు వేసిన వాసన వస్తే మనసు లాగడం తిండిపోతుతనం కాదు. శరీరం తనకు చాలలేదని చెబుతోందన్నమాట.

పప్పుల సంగతి ఇంకా గట్టిది. మనకు మాంసకృత్తులు ఎక్కువగా పప్పుల నుంచే వస్తాయి. వాటిలో చాలా రకాలు పచ్చివి తినడానికి వీలులేనివి. రాజ్మా, చిక్కుడు గింజల్లో ఉండే కొన్ని పదార్థాలు బాగా ఉడికితేగాని పోవు. నానబెట్టినంత మాత్రాన చాలదు, పచ్చివి తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. కర్రపెండలంలో సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. పెసర మొలకలు కాస్త నయం గాని, మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనం, తడి క్రిములకూ ఇష్టమే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఇ.కోలై క్రిమి వల్ల 50 మందికి పైగా చనిపోయారు. శుభ్రతకు పేరుపడ్డ దేశంలో జరిగిన సంగతి ఇది.

క్యారెట్, టమాటాల్లోని మేలుచేసే రంగు పదార్థాలు కాస్త నూనెతో ఉడికిస్తేనే ఒంటికి బాగా పడతాయి. విటమిన్ సి మాత్రం వండితే కొంత పోతుంది, అందుకే జామకాయ, నిమ్మకాయ పచ్చివే మంచివి. పచ్చి ఆహారంలోని ఎంజైములు మన జీర్ణశక్తిని కాపాడతాయనే మాట తరచుగా వినబడుతుంది. వాటిలో ఎక్కువ భాగం కడుపులోని ఆమ్లానికే విరిగిపోతాయి.

మన గడ్డిఅన్నారం సంగతి కూడా చెప్పుకోవాలి. ఇక్కడి పండ్ల మార్కెట్టు 2021-22లో బాటసింగారానికి తరలిపోయినా, మన ప్రాంతంలో పండ్లకు కొదువ లేదు. దొరకడం కష్టం కాదు, శుభ్రంగా దొరకడమే కష్టం. నగరానికి దిగువన మూసీ మురుగునీటితో ఆకుకూరలు పెంచడం ఎన్నో ఏళ్లుగా ఉంది. మన ఇంటికి వచ్చిన పాలకూర కట్ట ఏ నీటితో పెరిగిందో మనకు తెలియదు. ఉడికిస్తే క్రిములు చస్తాయి. పచ్చిగా తింటే టైఫాయిడ్, కామెర్లు, అమీబా విరేచనాలు రావచ్చు. బద్దెపురుగు గుడ్లు పచ్చి ఆకులతోపాటు కడుపులోకి వెళితే మెదడుదాకా చేరి మూర్ఛలు కూడా వస్తాయి. పంది మాంసం ఎన్నడూ ముట్టనివారికి ఈ జబ్బు ఎలా వచ్చిందని బంధువులు ఆశ్చర్యపోతుంటారు. దారి ఇదే. ఉప్పునీటిలో నానబెట్టడం కొంత మేలే గాని, దానితో అన్నీ చస్తాయనుకోకండి. ధారగా పడే మంచినీటి కింద ఆకు ఆకు విడదీసి కడగాలి, తొక్క తీయగలిగినవి తీయాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు బరువు తగ్గాలని ఇటువంటి పథ్యాలు పెట్టుకుంటే, వారికి ఫ్రిజ్ ఉండదు, కడుక్కునే చోటు ఉండదు. పొద్దున కోసిన ముక్కలు మధ్యాహ్నం తింటారు. వారు ఈ జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది విటమిన్ బి12. దీన్ని తయారుచేసేవి సూక్ష్మక్రిములు. మనకు మాంసం, చేప, గుడ్లు, పాల ద్వారా అందుతుంది. ఏ కూరగాయలోనూ, ఏ పండులోనూ నమ్మదగినంత లేదు. స్పిరులినాలో ఉన్నది మన ఒంటికి పనిచేసే రకం కాదు. మన కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక మొదటి ఏడు ఏమీ తెలియదు. పైగా బరువు తగ్గి, ఉప్పు తగ్గి బి.పి. దిగి, ఒళ్లు తేలికగా ఉంటుంది. ఆ మేలు నిజమే, మేము కాదనం. ఆ ధీమాతోనే రెండు మూడేళ్లు గడిచాక పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మంట, నీరసం, మతిమరుపు, నడకలో తూలడం మొదలవుతాయి. ఆకుకూరల్లో ఫోలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి రక్తహీనత పైకి కనబడకుండా నరాలు మాత్రం దెబ్బతినవచ్చు. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగి రాదు. జర్మనీలో ఎక్కువకాలంగా పచ్చి ఆహారం తింటున్న 201 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 38 శాతం మందికి బి12 లోపం కనబడింది. అక్కడే 1999లో ప్రచురించిన మరొక పరిశీలనలో 45 ఏళ్లలోపు స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి నెలసరి తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో జరిగింది. బరువు అతిగా తగ్గితే శరీరం మొదట వదులుకునేది సంతాన శక్తినే. పెళ్లీడు ఆడపిల్లల తల్లులు ఇది గమనించాలి.

పసిపిల్లల మాట తలచుకుంటే మాకు మరింత భయం. మనలాగే మిషన్ ఆసుపత్రి అయిన వేలూరు సి.ఎం.సి. వైద్యులు 1962లో 'లాన్సెట్' పత్రికలో ఒక జబ్బును వివరించారు. తల్లిపాలు మాత్రమే తాగుతున్న పసివాళ్లు మందకొడిగా మారడం, నేర్చుకున్నవి మరచిపోవడం, చర్మం అక్కడక్కడ నల్లబడటం, చేతులు వణకడం చూశారు. తల్లులు శాకాహారులు, వారి పాలలో బి12 చాలా తక్కువ. ఆ విటమిన్ ఇస్తే పిల్లలు త్వరగా కోలుకున్నారు. తల్లి పాలు, పెరుగు కూడా మానేసి, మాత్రలు కూడా వేసుకోకపోతే ప్రమాదం ఇంకా ఎక్కువ. కనుక గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పెరిగే పిల్లలు పూర్తి పచ్చి ఆహారం జోలికి వెళ్లకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

మరికొందరికి కూడా ఇది తగదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పండ్ల రసాలు, కొబ్బరినీళ్లు, పచ్చి ఆకుల రసం రక్తంలో పొటాషియం పెంచి గుండెకే ముప్పు తేవచ్చు. పాలకూర రసం లోటాలకొద్దీ తాగితే అందులోని ఆక్సలేటు బాగున్న కిడ్నీలను కూడా పాడుచేయవచ్చు. గుండె కవాటం మార్పిడి జరిగి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవారికి ఆకుకూరలు ఒక్కసారిగా పెరిగితే మాత్ర పని తగ్గిపోతుంది. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం, రొట్టె ఒక్కసారిగా మానితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. అలాగని మందు తామే మానడం ఇంకో ప్రమాదం. మందు తగ్గించాలో వద్దో రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి.

సొరకాయ రసం తాగేవారికి ఒక్క మాట. ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ పారవేయండి. చేదు మందులాంటిదని మింగకండి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి మరణించిన తర్వాత, భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం కూడా ఈ హెచ్చరికే చేసింది.

శ్రమదినాల్లో నలభై రోజులు దానియేలు ఉపవాసమని పచ్చివి మాత్రమే తినే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. దానియేలు, అతని స్నేహితులు శాకధాన్యాలు తిన్నారని వాక్యంలో ఉంది, అవి పచ్చివని లేదు. ఉడికించిన పప్పు, జొన్నరొట్టె, కూర తిని కూడా ఆ ఉపవాసం చేయవచ్చు. మాత్రలు వేసుకోవడం వల్ల ఉపవాసం చెడుతుందనే అనుమానం ఉంటే మీ పాస్టరుగారితో మాట్లాడండి, మాతోనూ మాట్లాడండి.

ఇష్టంగా చేయాలనుకునే ఆరోగ్యవంతులకు మేము చెప్పే పద్ధతి ఇది. రోజులో ఒక పూట పచ్చిది పెట్టుకోండి. ఉదయం పండ్లు, గుప్పెడు పల్లీలు, శుభ్రంగా కట్టిన మొలకలు, అవీ రెండు నిమిషాలు ఆవిరి పట్టినవైతే మరీ మంచిది. మిగతా పూటల్లో అన్నమో రొట్టెనో, పప్పు, కూర, పెరుగు ఉంచుకోండి. ఉప్పు తగ్గించినా అయోడిన్ ఉప్పే వాడండి. పాలు కూడా మానేవారు బి12 మాత్ర తప్పక వేసుకోవాలి. అది క్రిముల నుంచి తయారైనదే, జంతువుల నుంచి తీసినది కాదు. నిమ్మరసం, పుల్లని పండ్లు రోజంతా తింటే పంటి పైపొర అరిగిపోతుంది, తిన్నాక నీళ్లతో పుక్కిలించండి. ఇంట్లో ఒకరికి పచ్చిది, మిగతావారికి వండినది చేయవలసి వస్తే ఆ భారం వంట చేసే అమ్మ మీదే పడుతుంది, ముక్కలు మీరే కోసుకోండి.

ఇప్పటికే ఆరు నెలలకు పైగా పచ్చి ఆహారం మీదే ఉన్నవారు, కాళ్లలో తిమ్మిర్లు లేకపోయినా సరే, ఒకసారి హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మాత్రలన్నీ, మానేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. ఎన్ని రోజులు మానారో నిజం చెప్పండి, మేము కోప్పడం.