వేసవి ఫలసాయము - రైతుబజారు

వైశాఖము ప్రవేశించునప్పటికి దాళ్వా వరి కళ్లములనుండి కదలిపోవును; మరమ్మతులకై డెల్టా కాలువలు కట్టివేయబడును. తొలకరికి నారుమళ్లు దున్నుట కింకను వ్యవధి యుండును. ఈ నడిమి దినములలో రైతుచేతికి రొక్కము నిచ్చునవి మామిడి, అరటి, తాటిముంజెలు, లంకభూములలోని కూరగాయలును మాత్రమే. వీని విక్రయమును గూర్చి, అందు ముఖ్యముగా మామిడిని గూర్చి, సభ్యులు శ్రద్ధతో నాలోచింపవలసియున్నది.

మన సీమలో కొత్తపల్లి కొబ్బరి, పండూరు మామిడి తమ గ్రామముల పేరులతోనే ప్రసిద్ధి కెక్కినవి. అట్టి చెట్లు గల రైతులలో ననేకులు పూత చూచియే తోటను గుత్తకిచ్చివేయుదురు. ఈదురుగాలి నష్టము గుత్తదారునిపై బడుననుట నిజమే. అప్పు గలవాని కా ముందు సొమ్ము ప్రాణాధారము. కాని గుత్తదారునికి చెట్టుపై మమకార మేల యుండును? తొలి ధరకై లేతకాయను దులిపివేయును. కొమ్మలు విరిగినను లెక్కసేయడు. ఊరిపేరు గల కాయ యీ విధముగా పేరు పోగొట్టుకొనుచున్నది.

1999 జనవరి 26వ తేదీన ఉమ్మడి రాష్ట్రమున రైతుబజారులు ప్రారంభింపబడెను. దళారి లేకుండ రైతే తన సరకును తానమ్ముకొనుట దీని యుద్దేశము. సాగును విచారించి యధికారులు గుర్తింపు కార్డు నిత్తురు. టోకు ధరకు మించి, చిల్లర ధరకు తగ్గి యుండునట్లు ధర నిర్ణయించి పలకపై వ్రాయుదురు. అయితే నాలుగు చెట్లు గలవాడు దినమంతయు దుకాణమున గూర్చుండిన నాటి కూలి పోవును. ఇరుగుపొరుగు రైతు లయిదారుగురు కలిసి, కార్డులు గలవారై, యొకే బండిపై సరకు వేసికొని, వంతులవారిగా కూర్చుండుట మేలు. సంఘమనగా అప్పిచ్చి వసూలుచేయుట మాత్రమే కాదు గదా!

కాయను రాళ్లతో, గెడలతో రాల్చరాదు, చిక్కముతో కోయవలెను. తొడిమ కొంచెము నిలిపి కోసిన సొన కాయపై గారదు. సొన కారిన చోట తోలు నల్లబడి, పండునాటికి మచ్చయై కుళ్లును. కోసిన కాయను ఎండలో నుంచక నీడకు జేర్చి, వరిగడ్డి పరచి వరుసలుగా మాగవేయవలెను.

కొందరు వర్తకులు త్వరకై కార్బైడును వాడుదురు. తేమ తగిలిన నది ఎసిటిలీను వాయువును వెడలించును. బజారులో దొరకు కార్బైడులో పాషాణము, భాస్వరము కలిసియుండవచ్చును. పైతోలు పచ్చబడునేగాని లోపల పులుపు విడువదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దీనిని నిషేధించినవి. ఎథిలీను వాయువును పదిలక్షలకు నూరు పాళ్లు మించకుండ వాడుటకు 2016లో అనుమతి కలిగినది; కాని దానికి తగిన గది కావలెను. ఇంటివద్ద మాగవేయువానికి గడ్డియే చాలును. కొన్నవాని పిల్లలే కాదు, మన పిల్లలును ఆ పండునే తిందురు.

ముంజెల సంగతి వేరు. గెలలు దింపిన నాడే యమ్ముడుపోవలెను. ఒలిచినవి యెండకు కొన్ని గంటలలో పులిసిపోవును. కావున గెలలుగా కొనిపోయి, అడిగినవారికి అక్కడనే కోసియిచ్చుట తెలివి. అరటికి రావులపాలెము మార్కెటు ఉండనే యున్నది. గాలివాన కాలమున గెలచెట్లకు పోటుగెడలు మరువరాదు.

గాలికి రాలిన పచ్చికాయలను తట్టలకొలది అయినకాడికి అమ్మివేయక, దెబ్బతగిలిన భాగము తీసివేసి, ముక్కలు తరిగి యెండబెట్టినచో ఒరుగులగును; ఏడాది పొడుగునను పప్పులోనికి, పులుసులోనికి పనికివచ్చును. రసపుకాయ మెత్తబడినను పారవేయ నక్కరలేదు. ఆత్రేయపురమున తాండ్ర చేయువారు చాపలపై పొరవెంబడి పొరగా రసమును పోసి యెండబెట్టుదురు. ఒక పొర యారినగాని మరియొకటి పోయరాదు. మబ్బుపట్టిన నాడు ఆ పని ముట్టరాదు.